ఇంటిల్లిపాదికా, ఇంటికొకరికా?

గృహప్రవేశానికి కార్డులు అచ్చు వేయించాల్సిన పనే లేదని మా తమ్ముడు తేల్చేశాడు. వాడే ఫోనులో ఒకటి తయారుచేశాడు. మామిడాకుల తోరణం, కలశం, గిరగిరా తిరిగే దీపం, వెనక సన్నాయి. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట: దీనినే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి అందరూ రాగలరు.

"ఒక్క నొక్కు నొక్కితే సుట్టాలందరికీ పోతాదక్కా. ఈ కాలంలో ఇల్లిల్లూ ఎవురు తిరగతారు?" అన్నాడు.

"అందరూ అంటే ఎవురెవురురా?"

"అందరూ అంటే అందరే. దాంట్లో ఏముండాది అడిగేదానికి?"

అడిగింది నేనే అయినా ఆ ప్రశ్న నాది కాదు, సార్‌ది. ఆయన పోయి ఏడాది దాటింది. నా సొంతింటికి పిలుపు కార్డులు తానే రాస్తానని మాటిచ్చి, ఇంటికి పునాది కూడా పడకముందే వెళ్ళిపోయారు. తమ్ముడి ఫోనులో దీపం తిరుగుతూనే ఉంది. నాకు మాత్రం చాప మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, కవరు మీద ఉఫ్ఫుమని ఊదే ఆ మనిషి కళ్ళముందు కూర్చున్నాడు.

చిత్తూరులో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన కాలేజీలో ఆయన ఇంగ్లీషు లెక్చరరు. పేరు చెప్పను. పేర్లు రాయడంలో ఆయన పట్టింపు ఎలాంటిదో చూసినదాన్ని. ఎక్కడైనా ఒక అక్షరం తప్పు పడితే పైనుంచే దిద్దుతారని భయం.

పొట్టి మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు. దారిలో నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేవారు. ఎదురుగా ఎవరిదో గేటు, గేటు మీద ఇంగ్లీషులో పేరు పలక ఉండేది. కొత్తగా ఇళ్ళు కట్టినవాళ్ళు అప్పుడప్పుడే 'ది' అని మొదలుపెట్టి తమ పేర్లు రాయించుకుంటున్న రోజులు. ఒకసారి కాలేజీ నుంచి వస్తూ కొంగారెడ్డిపల్లెలో అలాగే ఆగారు. ఆ పలక మీద రమేష్ అని పేరు, పైన అపాస్ట్రఫీ కొక్కెం ఒకటి, ఆ తర్వాత ఎస్సు. సార్ గేటు తట్టారు. ఇంటాయన బయటికొచ్చాడు.

"ఏమప్పా, రమేష్‌ది అని రాసినావు. రమేష్‌ది ఏంది? గేటా, కుక్కా?" అని అడిగారు.

ఆయనకేమీ అర్థం కాలేదు. "ఇల్లు సార్" అన్నాడు.

"ఇల్లు నీదని తెలుస్తానే ఉండాది. ఇంట్లో ఎవురుండారో గదా రాయాల్సింది. ఆ కొక్కెం తీసేసి 'ఈ', 'ఎస్' పెట్టించు. నీ ఇంట్లోవాళ్ళంతా పలక మీదికి వస్తారు."

ఆ పెద్దమనిషి నిజంగానే మార్పించాడు. ఇంకో ముగ్గురు నలుగురు మాత్రం సార్ వీధి మలుపులో కనిపించగానే లోపలికెళ్ళి తలుపేసుకునేవారని విన్నాను.

పెళ్ళిళ్ళ కాలం వస్తే ఆయనకు తీరిక ఉండేది కాదు. కాస్త కలిగిన ఇళ్ళలో శుభలేఖ కవరు మీద పేర్లు ఇంగ్లీషులో గుండ్రంగా ఉండాలని అప్పట్లో ఒక మోజు. ఆ గుండ్రటి అక్షరాలు సార్ చేతిలో ఉండేవి. కబురు రాగానే గొడుగూ పెన్నూ తీసుకుని వెళ్ళేవారు. ఇంటివాళ్ళు ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఈయన రాసేవారు. కవరు మూలలకు పసుపు ముందే పూసి, ఆరి ఉండాలి. పచ్చి పసుపు మీద పెన్ను పెట్టేవారు కాదు. మధ్యలో చక్కెర తక్కువేసిన కాఫీ ఒక గ్లాసు.

అందరూ రాసేటట్టు పేరు రాసి, పక్కన 'అండ్ ఫ్యామిలీ' అని తగిలించమంటే ఆయనకు ఒళ్ళు మండేది. "వగైరా అని రాసేదానికి వాళ్ళేమన్నా సంతలో సామానా? ఇంగ్లీషోళ్ళు మనకు చేసిన మేలు యాడన్నా ఉండాదంటే ఈ ఎస్సులో ఉండాది. ఇంటి పెద్ద పేరెనకాల ఒక్క ఎస్సు పెట్టు. పెండ్లామూ బిడ్డలూ, ముసిలోళ్ళూ, ఉయ్యాల్లో ఉండే పసిబిడ్డ కూడా వచ్చి ఆయనెనకాల నిలబడతారు" అనేవారు.

అయితే పేరును మాత్రం ముట్టుకోకూడదు. రెడ్డి అని ఉంటే చివరి 'వై' తీసేసి 'ఐ, ఈ, ఎస్' పెడతామంటే ఒప్పుకునేవారు కాదు. "అట్ల చేసేది ఈగలకప్పా, మనుషులకు గాదు. పేరు ఉండేది ఉండేటట్టే ఉండాల" అనేవారు. శ్రీనివాస్ పేరుకు చివర ఎలాగూ ఎస్సు ఉంది కదా అని ఎవరైనా తెలివి చూపిస్తే, "అది వాళ్ళమ్మా నాయనా పెట్టిన ఎస్సు. పెండ్లాం బిడ్డలకు ఇంకోటి పెట్టద్దా?" అని ఈ, ఎస్సు చేర్చేవారు. తిరుపతి పక్కన శ్రీనివాసులు లేని వీధి ఉండదు. "సార్, 'లు' ఉండాది గదా, ఇది ముందే బహువచనం" అని మా కాలేజీ తెలుగు పంతులు ఒకసారి ఎగతాళి చేశాడు. సార్ తలెత్తకుండానే, "లు మర్యాద. ఎస్సు సంసారం" అని రాసుకుంటూ పోయారు.

ఇంగ్లీషువాళ్ళయితే ఆ ఎస్సును ఇంటిపేరుకు పెట్టుకుంటారు. మన ఇంటిపేర్లు పేరుకు ముందు ఒక్క అక్షరంగా ముడుచుకుని కూర్చున్నాయి. అందుకే సార్, ఇంటికి పెద్ద ఎవరైతే వాళ్ళ పేరుకే పెట్టేవారు. "ఇంగ్లండోళ్ళు సూస్తే నవ్వుతారేమో సార్" అని ఒకరోజు అన్నాను.

"నవ్వనీ మా. వాళ్ళేమన్నా వస్తా ఉండారా పెండ్లికి?" అన్నారు.

ఇదంతా సరదా కిందికి వచ్చేది. అసలు చిక్కు ఆయన అడిగే ప్రశ్నతోనే. ప్రతి పేరుకూ ముందు పెన్ను ఎత్తి పట్టుకుని, "ఇంటిల్లిపాదికా, ఇంటికొకరికా?" అని అడిగేవారు. మా పక్క పల్లెల్లో అది పాత పద్ధతి. పెళ్ళికో ఊరి దేవర జాతరకో పిలవడానికి వచ్చిన మనిషి వాకిట్లో నిలబడి, కొన్ని ఇళ్ళ ముందు "ఇంటిల్లిపాదీ రావాల, పొయ్యి ముట్టించద్దండి" అంటాడు. కొన్ని ఇళ్ళ ముందు "ఇంటికొకరు రావాల" అంటాడు. ఎవరికి ఏ పిలుపో ఊరికంతా తెలుస్తుంది. పట్నం వచ్చాక అందరూ ఆ మాట మర్చిపోయి, కార్డిచ్చి చేతులు దులుపుకుంటున్నారు. సార్ మర్చిపోనివ్వలేదు. ఇంటికొకరికైతే ఉత్త పేరు రాసేవారు. ఇంటిల్లిపాదికైతే ఎస్సు. రెండింటికీ మధ్య ఇంకేమీ ఉండేది కాదు.

"పెరట్లో ఉండే ముసిలామె కూడా ఆ ఎస్సులోకి వస్తాదా సార్?" అని ఒక ఇంట్లో అడిగారు.

"ఆమె ఆ ఇంట్లో అన్నం తింటాదా, లేదా?"

"తింటాది."

"అయితే వస్తాది."

బెల్లం మండీ ఆయనొకడు తమ్ముణ్ణి పిలవాలి గానీ మరదలు మాత్రం రాకూడదన్నాడు. ఏదో నగల గొడవ. సార్ ఆ కవరును తిప్పి తిప్పి చూసి, "సగం మనిషిని పిలిచేదానికి నాకు రాయడం రాదప్పా. దీన్ని పక్కన పెట్టు, నువ్వే నోటితో పిలుసుకో" అన్నారు. నోటితో పిలవడానికి మండీ ఆయనకు ధైర్యం చాలలేదు. చివరికి ఎస్సే పెట్టించాడు. ఇద్దరూ వచ్చారు, మరదలు నగలన్నీ వేసుకుని మరీ వచ్చిందట.

సాయంత్రం వేళ్ళ నిండా సిరాతో ఇల్లు చేరేసరికి ఆయన భార్య గుమ్మంలోనే ఎదురయ్యేది. "ఊర్లోవాళ్ళ సంసారాలన్నీ నిలబెట్టేసి వస్తివా? ఇంక మన సంసారానికి రెండు బిందెలు నీళ్ళు పట్టు" అనేది. వాళ్ళకు పిల్లలు లేరు. మిద్దె మీది గదిలో నర్సింగు చదివే అమ్మాయిలు బాడుగకు ఉండేవారు. బాడుగ పేరుకే, తిండి కింద వీళ్ళతోనే. ఒక జత చదువు ముగించి వెళ్ళిపోతే ఇంకో జత వచ్చేది. పాత్రలు తోమే ఆమె కూడా సంగటీ ఊరిబిండీ ఆ ఇంట్లోనే తిని వెళ్ళేది. నేనూ అక్కడ తిన్నదాన్నే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నాయుడుపేటలో నా కాపురం నాలుగు కాలాలపాటు నిలవలేదు. మా ఆయన తాగేవాడు, తాగితే చెయ్యి చేసుకునేవాడు. పాపను చంకనేసుకుని చిత్తూరు వచ్చేశాను. నాయన అప్పటికే లేడు. తమ్ముడికి కొత్తగా పెళ్ళయింది, వాడి ఇల్లు వాడికే చాలదు. మిట్టూరులో ఒక గదీ, దానికి అతుక్కున్న వంటిల్లూ బాడుగకు తీసుకున్నాను. వచ్చిన కొత్తలో అందరూ అయ్యో అన్నారు. ఆ తర్వాత అందరూ మర్చిపోయారు.

చుట్టాల్లో ఏ పెళ్ళయినా కార్డు తమ్ముడింటికి వచ్చేది. "అక్కకు గూడా సెప్పప్పా" అని వాడికి ఒక మాట వేసి వెళ్ళేవాళ్ళు. వాడు మంచివాడు, తప్పకుండా చెప్పేవాడు. నేనూ వెళ్ళేదాన్ని. వెళ్ళి, తమ్ముడితో వచ్చిన సామానులాగా ఒక మూల కూర్చుని వచ్చేదాన్ని. ఒకరోజు పాప అడిగింది. "ఎదురింట్లోవాళ్ళకు పెండ్లి కార్డు వచ్చింది. పక్కింట్లోవాళ్ళకు వచ్చింది. మనింటికి ఎందుకు రాదు మా?"

ఏం చెప్పను? మనది ఇల్లు కాదమ్మా అని చెప్పాలా? నాకు కావలసింది విందు కాదు. ఒక్కసారైనా ఎవరో ఒకరు మా గుమ్మం వెతుక్కుంటూ వచ్చి, ఇది ఒక ఇల్లు అని ఒప్పుకుని, ఒక పిలుపు పిలిచి పోవాలి. అది నోరు తెరిచి అడిగేది కాదు. అడిగి తెచ్చుకుంటే దానికి విలువా ఉండదు.

మా పెదనాయన, అంటే మా నాయనకు అన్న, చిన్నకొడుకు పెళ్ళి పెట్టుకున్నాడు. కార్డులు రాయడానికి సార్‌నే పిలిపించాడు. పనిలో సాయానికి నేనూ వెళ్ళాను. గిన్నెలో పసుపు తడిపి కవర్ల మూలలకు పూయడం నా వంతు. ఊరందరి కార్డులకూ నా చేత్తోనే పసుపు పూస్తున్నాను, అందులో నాది లేదని తెలిసే పూస్తున్నాను.

పెదనాయన పేర్లు చదువుతున్నాడు. మా తమ్ముడి పేరు వచ్చింది. ఇంటిల్లిపాదికన్నాడు, సార్ ఎస్సు పెట్టారు. తర్వాతి పేరు చదవబోతుంటే సార్ చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగారు.

"నువ్వుండేది యాడ మా?"

ఆయనకు తెలుసు. అయినా అడిగారు కాబట్టి చెప్పాను. "మిట్టూర్లో సార్."

"పొయ్యి? తమ్మునింట్లోనా?"

"లేదు సార్. నాది వేరే."

సార్ పెదనాయనతో, "పొయ్యి వేరే అంటా ఉండాదప్పా. ఒక కార్డు తక్కువొచ్చింది మనకు" అన్నారు.

పెదనాయన నవ్వాడు. "ఇంటి బిడ్డకు కార్డేంది సార్? వాళ్ళ తమ్మునితో బాటు వస్తాది."

"ఇంటి బిడ్డకు పిలుపే అక్కర్లేదు, నిజమే. నేనడిగేది ఆ ఇంటికి."

"ఒక ఆడామె, ఒక ఆడపిల్ల. దాన్ని ఇల్లంటారా సార్?"

ఆయన కోపంతో అనలేదు. అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టే మామూలుగా అన్నాడు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. నా వేళ్ళు పసుపు గిన్నెలోనే ఉండిపోయాయి.

సార్ పెన్నుకు మూత పెట్టారు. జేబులో తగిలించుకున్నారు. గ్లాసులో అడుగున మిగిలిన కాఫీ తాగి, "ఈ పొద్దుకు సాలిద్దాంలేప్పా. ఏది ఇల్లో ఏది గాదో నాకు తెలీకుండా ఉండాది. తెలిసినోళ్ళతో మిగతావి రాయించుకో" అని గొడుగు కోసం చుట్టూ చూశారు.

సగం కవర్లు రాసి ఉన్నాయి, సగం ఖాళీ. ఇంకొకరి అక్షరాలతో కలిస్తే వియ్యంకుల ముందు ఎలా ఉంటుందో పెదనాయనకు తెలుసు. వంటింట్లోంచి పెద్దమ్మ, "ఒక్క కార్డుతో ఏం పోతాదిలే, రాయించండి" అంది. పెదనాయన మెడ మీద తుండు తీసి దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

"సరే, రాయండి సార్."

సార్ పెన్ను తీయలేదు. "ఏమని రాసేది?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం గాదప్పా. పిలిచేది నువ్వు. ఇంటిల్లిపాదికా, ఇంటికొకరికా?"

పెదనాయన నా వైపు చూశాడు. నేను చిత్తూరు వచ్చాక ఆయన నన్ను సరిగ్గా చూడటం అదే మొదలనుకుంటాను. నా చేతులు, నా పసుపు వేళ్ళు, నా ముఖం అన్నీ చూశాడు.

"ఇంటిల్లిపాదికీ" అన్నాడు.

అప్పుడు తీశారు సార్ పెన్ను. 'ది వసంతాస్' అని రాశారు. వసంత నా పేరు. ఉఫ్ఫని ఊది, ఆ కవరు నా ముందు పెట్టి, "పసుపు పూయి మా" అన్నారు. సిరా ఆరకముందే పూసినందువల్ల ఎస్సు కాస్త అలుక్కుంది. అన్నిటికీ పట్టింపులుండే మనిషి దానికి మాత్రం ఏమీ అనలేదు.

కార్డు రాశాక దాన్ని చేతికిచ్చి పిలవక తప్పదు కదా. ఆ ఆదివారం పెదనాయనా పెద్దమ్మా మిట్టూరు వచ్చారు. మా ఇంటి ఓనరు వాకిట్లో నిలబడి చూస్తుండగా మెట్లెక్కి వచ్చారు. పెద్దమ్మ నాకూ పాపకూ బొట్టు పెట్టింది. పెదనాయన గుమ్మం బయటే నిలబడి, కాస్త మొహమాటంగా, "ఇంటిల్లిపాదీ రావాల. పొయ్యి ముట్టించద్దండి" అన్నాడు.

"నేను గూడానా తాతా?" అని పాప అడిగింది.

"నువ్వు లేకుండా ఇంటిల్లిపాది ఎట్లయితాది?" అన్నాడాయన. ఆ మాట ఎవరూ చెప్పించింది కాదు, ఆయనదే.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, కానీ అందులో ఉక్రోషమూ ఉంది. ఆ కవరును స్టవ్ పైన గోడకు అంటించాను. తమ్ముడు చూసి, "ది వసంతాస్. కంచి పట్టుచీరల అంగడి మాదిరుండాదక్కా" అన్నాడు. నూనె పొగకు నల్లబడి, అక్షరాలు కనిపించకుండా పోయేంతవరకూ అది అక్కడే ఉంది.

సార్‌కు కృతజ్ఞత చెప్పుకోవాలని మరునాడు స్టాఫ్ రూముకు వెళ్ళాను. ఆయన పేపర్లు దిద్దుకుంటున్నారు. నేను మొదలుపెట్టక ముందే, "నేనేం చేసినాను మా, ఉండేది రాసినాను" అన్నారు. తలెత్తకుండానే ఇంకో సంగతి చెప్పారు. ఆ ఒక్కసారి తప్ప ఆయన తన ఇంటి సంగతి మాట్లాడగా నేను వినలేదు.

పలమనేరు పక్కన వాళ్ళ పల్లె. నాయన చిన్నప్పుడే పోయాడు. ఊర్లో ఏ శుభమయినా వాళ్ళ వాకిట్లో పిలుపు "ఇంటికొకరు" అనే. వాళ్ళమ్మ ఎటూ వెళ్ళేది కాదు. పిల్లలు వంతులేసుకుని వెళ్ళేవారు. వెళ్ళినవాడు తన ఆకులో వడ తినకుండా చొక్కా జేబులో దాచుకుని వచ్చి మిగతావాళ్ళకు పంచాలి. అది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న ఒప్పందం.

"అమ్మ ఆ వడ తినేది గాదు మా. ఆకలి లేదనేది. పెద్దయినాక తెలిసింది, ఆకలి గాదు, ఆ పిలుపు ఆమెకు పడేది గాదని" అన్నారు. తర్వాత ఎర్ర పెన్నుతో ఎవడో పిల్లవాడి తప్పుకు సున్నా చుట్టి, "పో మా, ప్రిన్సిపాల్ పిలస్తా ఉండాడు నిన్ను" అన్నారు. ప్రిన్సిపాల్ ఎవరినీ పిలవలేదు.

ఆయన రిటైరయ్యారు. నాకు తిరుపతికి బదిలీ అయింది. కవర్ల మీద పేర్లు అచ్చయిన చీటీలుగా వచ్చి అంటుకోసాగాయి, తర్వాత ఆ కవర్లూ పోయి ఫోన్లు వచ్చాయి. సార్‌కు కబుర్లు తగ్గిపోయాయి. దాని గురించి ఆయన బాధపడినట్టు కనిపించేవారు కాదు గానీ, పెళ్ళికి వెళితే మాత్రం ఎవరి చేతిలోని కవరైనా అడిగి తీసుకుని పేరు చదివేవారు. ఆయన పోయేముందటి ఎండాకాలంలో డాక్టరుకు చూపించుకోవడానికి తిరుపతి వచ్చి, మా ఆఫీసుకు కూడా వచ్చారు. చెయ్యి కొంచెం వణుకుతోంది. స్థలం కొన్నానని చెప్పాను.

"కట్టు మా, కట్టు. కార్డులు నేనే రాస్తా" అన్నారు. వణికే చేతిని నేను చూడటం చూసి, "ఎస్సు కొంచెం వంకరగా వస్తాది. దానిది పుట్టుకతోనే వంకర, ఎవురికీ తెలీదు" అని నవ్వారు.

అందుకే తమ్ముడు ఫోనులో నొక్కేముందు, "ఒక్క ఇంటికి మాత్రం నేనే పోయి పిలస్తాను" అన్నాను. అది సార్ ఇల్లని తెలిశాక, ఇప్పుడు బాగా ముసలిదైపోయిన పెద్దమ్మ నొచ్చుకుంది. "నోటితో సెప్పు సాలు. ఇంట్లోకి పోయే శుభానికి ఆయమ్మను బొట్టు పెట్టి పిలస్తారా ఎవురన్నా?" అంది. చెడ్డదై కాదు, నా ఇల్లు చల్లగా ఉండాలనే ఆమె భయం. నేను కుంకుమ భరిణె సంచిలో వేసుకున్నాను. దుకాణంలో ఒక ఉత్త కవరు కొని, మూలలకు పసుపు పూసి, పూర్తిగా ఆరాక సార్ పేరు ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను. పేరులో ఏ అక్షరాన్నీ కదిలించలేదు. చివర ఎస్సు పెట్టాను.

చిత్తూరులో ఆ ఇంటి తలుపు సార్ భార్యే తీసింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. నేను భరిణె తీయగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకొద్దు మా. ఇంటికి మంచిది గాదు. పిలిస్తివి, అదే సాలు."

కవరు చేతికిచ్చాను. కళ్ళజోడు లేకుండానే దాన్ని దూరంగా పట్టుకుని చదివింది. చదివి, చివరి అక్షరం మీద బొటనవేలు పెట్టింది.

"నేనొకదాన్నే గదమ్మా. ఇదెవురికి రాసినావు?"

"సార్ ఎట్ల అడిగేవారో అట్లే నన్ను నేనే అడిగి రాసినానమ్మా. ఇంటిల్లిపాదికీ. ఈ ఇంట్లో అన్నం తినేవాళ్ళంతా రావాల. పొయ్యి ముట్టించద్దండి."

ఆమె కుర్చీలో కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, ముఖం పైకెత్తి, కళ్ళు మూసుకుంది. నేను బొట్టు పెట్టాను. బొట్టు కాస్త వంకరగా వచ్చింది.

గృహప్రవేశం పొద్దున పాలు పొంగేసరికి ఇల్లంతా చుట్టాలు. తిరుపతిలో నాది రెండు గదుల ఇల్లు, సందు చివర. పీటల మీద తమ్ముడూ మరదలూ కూర్చుని లేచారు. పాప, అంటే ఇప్పుడు ఉద్యోగం చేసే పాప, అందరికీ కాఫీలిస్తోంది. పెదనాయన కుర్చీలోంచి లేవలేక అక్కడినుంచే అజమాయిషీ చేస్తున్నాడు. ఎంతమంది వచ్చారో చూసుకుని ఆకులు వేయించే పని తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. ఆమె మాత్రం రాలేదు. రాదులే, ఎందుకు ఇబ్బంది పెట్టానని నాలో నేను అనుకుంటూనే పదిసార్లు సందు మలుపు చూశాను.

వడ్డన మొదలయ్యే వేళకు బస్టాండు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు ఆమె దిగింది. బూడిదరంగు చీర, నుదుట చిన్న బొట్టు. వెనకాలే తెల్ల యూనిఫాంలోనే వచ్చేసిన ఇద్దరు నర్సింగు అమ్మాయిలు. వాళ్ళ వెనక పాత్రలు తోమే ఆమె, ఆమె చంకలో మనవడు. చివరికి డ్రైవరు పక్కనుంచి సార్ గొడుగు పట్టుకుని ఒక ముసలాయన దిగాడు. ఎదురింటాయనట, భార్య పోయినప్పటి నుంచి ఒక పూట భోజనం అక్కడేనట. అందరూ వరసగా నా గుమ్మం ముందు నిలబడ్డారు.

"ఇంటిల్లిపాదీ అంటివి గదా మా, అందరమూ వచ్చినాము. పొయ్యి ముట్టించలేదు" అంది ఆమె.

ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. తమ్ముడు చేతిలో ఆకుల కట్టతో ఆ వరస వైపు చూసి, నా దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"ఒకామే అనుకుంటే ఇంతమంది వచ్చినారే. ఎవురక్కా వాళ్ళంతా?"

"సార్ వాళ్ళు" అన్నాను.